సలోమా ఆకు కట్టు

మా లోయలో ఎవరికైనా ఒళ్ళు కాలితే ముందు సలోమా హెర్ష్‌బర్గర్ ఇంటికి వెళ్ళేవాళ్ళు. డాక్టరు సంగతి ఆ తరవాత. పొయ్యి తలుపు తగిలి చెయ్యి బొబ్బెక్కినవాళ్ళు, మేపుల్ చెట్ల రసాన్ని పాకం కాచే చోట మరిగే పాకం కాళ్ళమీద ఒలకబోసుకున్నవాళ్ళు, రంపపు మిల్లులో పొగగొట్టానికి మోచెయ్యి ఆనించినవాళ్ళు, అందరూ గుట్టమీద ఆ తెల్లగేటు ముందు బగ్గీ ఆపేవాళ్ళు. ఆమె వంటింటి బల్లమీద తెల్లగుడ్డ పరిచి, తేనె, మైనం కలిపి కాచిన మలాము పూసి, వేడినీళ్ళలో మెత్తబడ్డ బర్డాక్ మొక్క వెడల్పాటి ఆకు దానిమీద వేసి, పాత దుప్పటి చించిన పట్టీలతో చుట్టేది. ఆ చుట్టడం చూడాలి. బిగుసుకోదు, అలాగని జారదు. కట్టు కట్టించుకున్నవాడు ఆ మధ్యాహ్నమే వెళ్ళి పాలు పితుక్కోవచ్చు.

ఈ విద్య ఆమెకి నాయనమ్మ దగ్గర అబ్బింది. సలోమా చిన్నప్పుడు తమ్ముడు ఈలై, ఆపిల్ గుజ్జు ఉడుకుతున్న రాగి గంగాళం మీదకి తూలాడు. భుజం నుంచి మణికట్టు దాకా తోలు ఊడిపోయింది. నాయనమ్మ ఆకులు వేసి కడుతుంటే పట్టీ కొస పట్టుకున్నది సలోమాయే. వాడి చెయ్యి నిలిచింది. ఆ చేత్తోనే తరవాత ఈలై కొట్టాలు కట్టాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ రోజు నాయనమ్మ అన్న మాట సలోమాకి బైబిలు వాక్యమంత గట్టిగా పట్టుకుంది: పుండు పసిబిడ్డ లాంటిది, దాన్ని ఆరుబయట వదిలెయ్యకూడదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "ఒక్క మొగుడికి కట్టుబడితే ఊరందరికీ కట్లెవరు కడతారు?" అని నవ్వేసేది.

నేను వాళ్ళ మనిషిని కాను. కార్లూ కరెంటూ లేకుండా పాతకాలం పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల లెక్కలో మాలాంటి బయటివాళ్ళం అందరం ‘ఇంగ్లీషు వాళ్ళం’. కానీ పుట్టి పెరిగింది ఓహాయోలోని ఆ గుట్టల మధ్యే, సలోమా ఇంటికి మూడో ఇంట్లో. మా నాన్న వెండెల్ ఉద్యోగం మానేశాక, బగ్గీ వెళ్ళలేనంత దూరాలకి వాళ్ళని తన వ్యాన్‌లో తిప్పేవాడు. అందుకే ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కొంత నేను చూసింది, కొంత సలోమా తన నోటితో చెప్పింది, చివరిది ఐవా అనే ఆవిడ చెబితే తెలిసింది.

ఈలై కూతురు వెర్నా. గుట్ట కింద ఇల్లు, భర్త ఆట్లీకి కుర్చీలు చేసే షెడ్డులో పని. వాళ్ళ పాప మిరియంకి అప్పటికి ఎనిమిది నెలలు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, బుగ్గలమీద చర్మం ఎర్రగా కందిపోయి గరుగ్గా ఉండేది. దురదకి పిల్ల నిద్రపోయేది కాదు. చేతులకి మేజోళ్ళు తొడిగితే పళ్ళులేని చిగుళ్ళతో వాటిని లాగేసి మరీ గోక్కునేది. ఓట్స్ నీళ్ళతో స్నానం చేయించారు, పంది కొవ్వు రాశారు, సలోమా తేనె మలాము రాస్తే పిల్ల ఊపిరి బిగబట్టి ఏడ్చింది. చివరికి వెర్నా మా నాన్న వ్యాన్‌లో క్లినిక్‌కి వెళ్ళింది. అక్కడ మందులు రాసిచ్చే అధికారం ఉన్న నర్సు కార్లా ఎగ్జిమా అని చెప్పి ఒక చిన్న ట్యూబు ఇచ్చింది. తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్ క్రీము.

తిరిగి వస్తూ వెర్నా గుట్టెక్కి అత్తకి ఆ ట్యూబు చూపించింది.

"స్టెరాయిడ్ అంటే నాకు భయంగా ఉంది అత్తా. బొంతలు కుట్టేచోట మహాలా చెప్పింది, తోలు కాగితంలా అయిపోతుందట."

"మరి ఎందుకు తెచ్చావు?"

"అదే అడిగాను. బలమైనవాటిని నెలల తరబడి రాస్తే అలా అవుతుందిట. ఇది మెత్తటిదట. చెప్పినట్టు రాస్తే భయం లేదంది. భయపడి రాయకుండా పిల్లని గోక్కోనిస్తే అదీ పుండే కదా అంది."

"ఎంత రాయాలిట?"

వెర్నా చూపుడువేలు చాచి చివరి కణుపు చూపించింది. "ఇంత పొడుగు పిండితే, నా అరచేతులు రెండూ కలిపినంత మేరకి రావాలిట."

"పిల్లి మీసానిక్కూడా చాలదు."

"పొద్దున, సాయంత్రం. ఎర్రగా ఉన్నచోటే, పల్చగా. కంటి దగ్గరికి పోకూడదు. రాశాక మన చేతులు కడుక్కోవాలి. వాసలీను రాయాలంటే కాస్సేపు ఆగి రాయాలి. వారం దాటితే తనని అడక్కుండా రాయకూడదు." వెర్నా బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "చీము పట్టినట్టుంటే ఆపేసి రమ్మంది. పైన ఏమీ కప్పకూడదట. కట్టు కట్టకూడదు, గుడ్డ లంగోటీ మీద వేసే ప్లాస్టిక్ నిక్కరు కిందకి పోనివ్వకూడదు."

సలోమా నవ్వింది. "అంత దూరం వెళ్ళి తెచ్చుకుంటే, రాసి గాలికి వదిలెయ్యమన్నారా?"

"అలాగే అన్నారు."

"సరే. వాళ్ళ మందు, వాళ్ళ మాట."

మందు పనిచేసింది. నాలుగు పూటలు గడిచేసరికి బుగ్గలమీద ఎరుపు చల్లారింది. మిరియం రాత్రిళ్ళు పడుకుంది. దాంతోపాటు వెర్నా కూడా పడుకుంది. మోచేతి మడతలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

అంతలో వెర్నా ఇంటికి చర్చి వంతు వచ్చింది. ఆమిష్ వాళ్ళకి చర్చి అని వేరే కట్టడం ఉండదు. ఒక్కో ఆదివారం ఒక్కో ఇంట్లో ఆరాధన. ముప్పై కుటుంబాలు వచ్చి కూర్చుంటాయి. వాళ్ళు వచ్చేలోపు గోడలు కడగాలి, కిటికీలు తుడవాలి, చివరికి కొట్టంలో సాలెగూళ్ళు కూడా ఉండకూడదు. ఆ వారం వెర్నా పొద్దున్నే మిరియంని, ట్యూబుని అత్త ఇంట్లో వదిలి, చీకటిపడే ముందు తీసుకెళ్ళేది. పొద్దుటి పూట మందు రాసే పని సలోమాది.

ఆదివారం నాడు ఆ పిల్ల ఒళ్ళోంచి ఒళ్ళోకి మారుతుంది. ముసలమ్మలు చొక్కా చెయ్యి పైకెత్తి చూస్తారు. కొండమీద సలోమా ఉండగా ఆమె సొంత మేనకోడలి బిడ్డకి ఈ చర్మమేమిటి అంటారు. సలోమా ఇది నాకు దాచకుండా చెప్పింది: "పిల్ల కోసమే అనుకున్నాను. కానీ నాకోసం కూడా."

ఆమె లెక్క సులువుగానే ఉంది. మందు మంచిదే. గాలికి వదిలేస్తే ఆరిపోతోంది, పిల్ల గుడ్డకి రాసుకుపోతోంది. ఆకు వేస్తే లోపలే నిలుస్తుంది. ఆ మాటలో అబద్ధం లేదు. ఆకు మందుని నిజంగానే లోపల పట్టి ఉంచుతుంది, వేడిని, చెమటని కూడా పట్టి ఉంచుతుంది. చర్మం ఎంత తాగకూడదో అంత తాగుతుంది. చిన్నపిల్లల చర్మం ఇంకా త్వరగా తాగుతుంది. కార్లా వద్దన్నది అందుకే.

సోమవారం ఆమె రెండు మోచేతులకీ మందు రాసి, మెత్తటి ఆకు వేసి చుట్టింది. పిల్లకి మేజోళ్ళు అక్కర్లేకపోయింది. కట్టుమీద గోకలేదు కదా. సాయంత్రం వెర్నా వచ్చేముందు విప్పింది. ఎరుపు సగానికి సగం పోయింది.

"ఏంటత్తా, ఇంత తగ్గింది," అంది వెర్నా, కడిగి కడిగి వాచిన చేతులతో పిల్లని అందుకుంటూ.

"తగ్గాల్సిన రోజు వస్తే తగ్గుతుంది," అంది సలోమా. ఆ రోజే చెప్పేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. చెప్పలేదు. ఆదివారం అయ్యాక చెబుదామనుకుంది.

మర్నాడు కట్టింది, ఆ మర్నాడూ కట్టింది. అప్పుడు చర్మం తెల్లగా, ముడతలుపడి, బట్టలుతికిన రోజు వేళ్ళలా కనిపించింది. గురువారం ఆకు తీసేసరికి కుడి మోచేతి మడతలో ఆవగింజలంత చీముపొక్కులు. సలోమా ఆ చేతిని కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది. కాలిన పుళ్ళలో చీము ఆమెకి కొత్త కాదు. కానీ ఈ పిల్ల చెయ్యి కాలలేదు. ఆ చీము ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి తెలుసు.

గోరువెచ్చటి నీళ్ళతో, సబ్బుతో తుడిచింది. పిల్ల చెయ్యి లాక్కుని ఏడ్చింది. పొక్కులు పోయాయి, వాటి చోట ఎర్రటి పచ్చి మిగిలింది. ఇక కట్టు కట్టలేదు. ఆకుల్ని పొయ్యిలో పడేసింది. సాయంత్రం వెర్నాతో, "ఇవాళ కాస్త చిరాగ్గా ఉంది పిల్ల," అని మాత్రం అంది.

శుక్రవారం పొద్దున వెర్నా గుట్టెక్కుతూ వచ్చింది, దాదాపు పరిగెడుతూ. పిల్ల చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా ఉబ్బి, చెమ్మ కారుతోంది.

"చూడత్తా. నేనేం చేశాను? చెప్పిందంతా చేశాను కదా."

సలోమా ఆ చేతిని తాకింది. వేడిగా ఉంది. "వెండెల్‌కి ఫోను చెయ్యి," అంది.

వాళ్ళ ఫోను ఇంట్లో ఉండదు. రోడ్డు మొదట్లో చిన్న కొట్టులాంటి దాంట్లో ఉంటుంది. వెర్నా అక్కడికి పరిగెత్తింది. మా నాన్న టోపీ వెతుక్కుంటుంటే నేను వ్యాన్ తాళాలు తీశాను. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను, పిల్లని పట్టుకోవడానికి సాయం ఉంటుందని నన్నూ ఎక్కమన్నాడు. సలోమా వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. నల్ల బొన్నెట్ లోపల ఆమె ముఖం నాకు కనబడలేదు. దారంతా మా నాన్న ఒక్కడే మాట్లాడాడు.

"సలోమా, ఈసారి నీ మందులు పనిచెయ్యలేదా ఏంటి? నీ షాపు మూసేసుకోవాల్సిందేనా?"

ఆమె కిటికీ వైపే తిరిగి కూర్చుంది. మామూలుగా అయితే మా నాన్న బట్టతల మీద తప్పకుండా ఒక మాట పడేది.

క్లినిక్‌లో కార్లా మిరియం చేతిని దీపం కింద తిప్పి చూసింది. పొట్టిగా, జుట్టు కత్తిరించుకున్న మనిషి, మాట గబగబా ఉంటుంది.

"మందు రాయడం మధ్యలో మానేశారా?"

"లేదండీ," అంది వెర్నా. "రెండు పూటలా రాస్తున్నాం."

"ఎక్కువ రాశారా?"

"మీరు చెప్పినంతే. వేలి కణుపంత."

"పైన ఏమైనా కట్టారా? గుడ్డ గానీ, ప్లాస్టిక్ గానీ?"

"లేదు. మీరు వద్దన్నారు కదా. పగలు మా అత్త చూసుకుంటోంది. ఆవిడకన్నా శుభ్రంగా ఎవరూ చూడరు."

కార్లా తలెత్తి సలోమా వైపు చూసింది. "చీము ఎక్కడైనా కనబడిందా అండీ?"

సలోమా తల అడ్డంగా ఊపింది.

ఆమె నోరు తెరవలేదు. కానీ తల ఊపింది. జీవితంలో అబద్ధం ఆడని మనిషి అని ఆమెని గురించి మా ఊళ్ళో అంటారు. ఆ గదిలో నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం చూశాను. పెద్దదానికి చేతులు నొప్పులేమో అనుకున్నాను, అంతే.

కార్లా కాస్త ఆలోచించింది. "సరిగ్గా రాసినా ఇది ఎగబాకుతోందంటే ఈ మందు చాలట్లేదన్నమాట. దీనికన్నా ఒక మెట్టు బలమైనది రాసిస్తాను. కొద్దిరోజులే. ముఖంమీద వద్దు, చేతికి మాత్రమే. ఇంటికెళ్ళగానే మొదలుపెట్టండి. జ్వరం వచ్చినా, పచ్చగా చెక్కు కట్టినా మళ్ళీ ఒక్క నిమిషం ఆగకుండా రండి."

మందుల షాపులో కొత్త ట్యూబు తీసుకుని వ్యాన్ ఎక్కాం. ఎండ తీవ్రంగా ఉంది. లోయలోకి దిగే రోడ్డుమీద మాకు ముందు ఎండుగడ్డి బండి ఒకటి నిదానంగా పోతోంది, దాటడానికి దారి లేదు. మిరియం ఏడుపు ఎత్తుకుంది. వెర్నా ఒళ్ళో ఎగిరెగిరి పడుతూ, ఉబ్బిన చేతిని తల్లి ఏప్రన్‌కి రుద్దుతోంది.

"ఊరుకోమ్మా, ఊరుకో. ఇదిగో తల్లీ, ఇంటిదాకా ఎందుకు, ఇప్పుడే రాసేస్తాను." వెర్నా నన్ను చూసి, "దీని చెయ్యి కాస్త పట్టుకుంటావా?" అంది.

నేను పిల్ల మణికట్టు పట్టుకున్నాను. సన్నటి వేడి చెయ్యి. వెర్నా కొత్త ట్యూబు మూత తీసి, తిరగేసి, దాని ములుకుతో రేకు పొడిచింది. చూపుడువేలి మీద తెల్లటి మందు పిండింది. ఒక కణుపు పొడుగు, ఖచ్చితంగా.

"రాయొద్దు," అంది సలోమా.

వెర్నా ఆమె వైపు తిరగలేదు. "కుదుపులకేం కాదులే అత్తా, కళ్ళలో పడనివ్వను."

"రాయొద్దు వెర్నా." సలోమా ముందుకి వంగి వెర్నా వేలిని తన గుప్పిట్లో మూసేసింది. మందు ఆమె అరచేతికి అంటుకుంది. "నేను ఆకు వేశాను."

"ఏ ఆకు?"

"సోమవారం నుంచి. మందు రాసి, దానిమీద ఆకు వేసి కట్టు కట్టాను. నువ్వొచ్చేముందు విప్పేదాన్ని. నిన్న చీము పొడిచింది. తుడిచేశాను. ఆవిడ అడిగితే లేదన్నాను."

మా నాన్న రేడియో కట్టేశాడు.

"కట్టొద్దని చెప్పాను కదా," అంది వెర్నా చాలా మెల్లగా. "మీ వంటింట్లోనే నిలబడి చెప్పాను."

"చెప్పావు."

"నేను అక్కడ కూర్చుని, మా అత్తకన్నా శుభ్రంగా ఎవరూ చూడరని..." వెర్నా పిల్లని ఇటువైపు భుజం నుంచి అటువైపు భుజానికి మార్చుకుంది, సలోమాకి దూరంగా. "ఈ మందు రాసుంటే ఏమయ్యేది?"

"నాకు తెలీదు. మంచి జరగదని తెలుసు. మెత్తటిదే అంత చేసింది. ఇది దానికన్నా బలమైనదన్నారు, అదీ చీము పట్టిన చోట."

"వెండెల్ గారూ," అంది వెర్నా, "వెనక్కి తిప్పండి."

"అలాగేనమ్మా," అన్నాడు మా నాన్న. ఎండుగడ్డి బండి వెనకే ఒక పాల కేంద్రం వాకిట్లోకి వ్యాన్ ఎక్కించి, అక్కడున్న రెండు కోళ్ళని చెదరగొట్టి తిప్పాడు. మళ్ళీ క్లినిక్ చేరేదాకా ఆయన నోట్లోంచి మాట రాలేదు. నాకు గుర్తున్నంతవరకూ ఆయన అంతసేపు ఊరుకోవడం అదే మొదటిసారి.

క్లినిక్ మధ్యాహ్నం మూసే వేళ అయింది. కార్లా బ్యాగు భుజాన వేసుకుని బయటికి వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. ఈసారి ముందు మాట్లాడింది సలోమాయే. వాకిట్లో నిలబడే, వ్యాన్‌లో చెప్పినంతా మళ్ళీ చెప్పింది. ఆకు ఎంతసేపు ఉంచిందో, చీము ఏ రంగులో ఉందో, దేంతో తుడిచిందో కూడా చెప్పింది.

కార్లా బ్యాగు దించింది. "నేను ఆ రెండు ప్రశ్నలూ ఊరికే అడగలేదండీ," అంది. గొంతు పెంచలేదు, కానీ ఆ మాట గబగబా రాలేదు. "నా కళ్ళకి కనబడనిది మీరు చెబితేనే నాకు తెలుస్తుంది. ఆ కొత్త ట్యూబు ఎక్కడ? రాశారా?"

"రాయలేదు," అంది వెర్నా. "రాయబోతే ఆవిడే ఆపింది."

కార్లా తలుపు మళ్ళీ తీయించింది. చేతి చెమ్మని దూదిపుల్లతో తీసి పరీక్షకి పంపింది. జ్వరం చూసింది, లేదు. చీము తగ్గడానికి తాగే మందు రాసింది. చర్మం ఆరేదాకా స్టెరాయిడ్ ఏదీ వద్దంది. ఆ తరవాత మళ్ళీ పాత మెత్తటి క్రీమే, మునుపటిలాగే పల్చగా, గాలి తగిలేలా.

"అంటే ఆ క్రీము చెడ్డది కాదా?" అని అడిగింది వెర్నా.

"అది బాగానే పనిచేస్తోంది కదా, మీరే చెప్పారు, బుగ్గలు తగ్గాయని. మూతపెట్టి ఉడికిస్తే ఏదైనా మారిపోతుంది." కార్లా ఎర్రబడిన చేతి చుట్టూ పెన్నుతో గీత గీసింది. "ఎరుపు ఈ గీత దాటితే పగలైనా రాత్రైనా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నాకోసం చూడొద్దు."

ఆ సాయంత్రం వెర్నా ఇంట్లో చర్చి బల్లలు దించే బండి వచ్చింది. మగవాళ్ళు బల్లలు మోస్తున్నారు. సలోమా గుట్ట దిగి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది.

"దాచాను. తప్పు చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

"క్షమించాను," అంది వెర్నా. వాళ్ళలో అడిగినవాళ్ళని క్షమించాలి, క్షమించాక ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. వెర్నా ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. కానీ ఆమె ఒక చంకలో పిల్ల, ఇంకో చేతిలో తడిబట్ట. కుర్చీలు తుడుస్తూ అవస్థ పడుతోంది. సలోమా చేతులు చాచింది.

"పర్లేదత్తా, నేను ఎత్తుకుంటాను," అంది వెర్నా.

సలోమా చేతులు దించుకుంది.

శనివారం ఎరుపు గీత దాకా వచ్చింది. వెర్నా ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగ్గా తినలేదు. ఆట్లీ గంటకోసారి షెడ్డులోంచి వచ్చి పిల్ల చెయ్యి చూసి వెళ్ళాడు. మా నాన్న పనేమీ లేకపోయినా వ్యాన్‌ని రోడ్డు వైపు ముఖం పెట్టి ఉంచాడు. ఎరుపు గీత దగ్గర ఆగింది. ఆదివారం పొద్దునకి ఒక గోరంత వెనక్కి తగ్గింది.

అక్కడినుంచి ఐవా చెప్పిందే.

ఆరాధన అయ్యాక మగవాళ్ళు తిని లేచారు. రెండో వరసలో ఆడవాళ్ళు కూర్చున్నారు. రొట్టె, తీపి కలిపిన వేరుశనగ ముద్ద, ఊరవేసిన బీటుదుంప, జున్ను, కాఫీ. మిరియం తల్లి భుజంమీద ఉంది, చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. పెన్ను గీత, దాని లోపల ఎర్రటి చర్మం అందరికీ కనబడుతోంది. మహాలా రేబర్ చూడనే చూసింది.

"ఇదేంటి వెర్నా, చెయ్యి ఇలా చేసుకున్నావు? కొండమీద సలోమాని పెట్టుకుని, ఈ గీతలూ గాతలూ ఏంటి? నాలుగు ఆకులు పడేస్తే ఈపాటికి మానిపోయేది కదా."

వెర్నా కాఫీ పోస్తోంది. "తగ్గుతోందిలే," అంది. ఇంకేమీ అనలేదు. క్షమించిన సంగతి ఎత్తకూడదు కదా.

బల్ల చివర సలోమా రొట్టె ముక్క పట్టుకుని ఉంది. ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"ఆకు వేశాను మహాలా," అంది. "వేసింది నేనే. దానివల్లే అలా అయింది."

"నీ ఆకు వల్లా?"

"క్రీము మీద ఆకు వేసినందువల్ల. క్లినిక్ వాళ్ళు ఇచ్చే ఆ స్టెరాయిడ్ క్రీము రాసినచోట ఏమీ కట్టకూడదు. నాకు చెప్పారు. నాకే బాగా తెలుసనుకున్నాను."

మహాలా బీటుదుంప గిన్నె పక్కావిడకి అందించింది. అప్పుడు ఐవా లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, మొదటి కాన్పు. తను ఎందుకు లేచిందో తనకే తెలియలేదట.

"మా బాబు లీవైకి కూడా ఆ క్రీమే రాశాను," అంది. "తొడమీద. నువ్వు పోయినవారం మా ఆయన చేతికి కట్టి, మిగిలిన ఆకులు ఇచ్చావు కదా సలోమా. నీ కట్టు ఎంత బాగుంటుందో అందరూ అంటారని... ఆ ఆకు కట్టు ఇప్పుడు కూడా ఉంది. పైన ప్లాస్టిక్ నిక్కరు కూడా వేశాను."

సలోమా రొట్టె బల్లమీద పెట్టేసింది. "వాడెక్కడ?"

"మేడమీద. పడుకున్నాడు."

ఇద్దరూ మెట్లెక్కారు. పెద్దమంచం మీద నల్లశాలువల మధ్య అరడజను మంది పసివాళ్ళు అడ్డదిడ్డంగా నిద్రపోతున్నారు. సలోమా లీవై పక్కన కూర్చుని, నిక్కరు వదులుచేసి, కట్టు ముడి విప్పింది. ఐవా చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"ఇటు చూడు," అంది సలోమా. "నువ్వే చూడాలి. తెల్లబడింది, ముడతలు పడింది. పొక్కులు లేవు. వేడి లేదు. చెయ్యి పెట్టి చూడు."

ఐవా చెయ్యి పెట్టి చూసింది. ఏడ్చింది.

"ఏడవకు, వాళ్ళందరూ లేస్తారు. ఇక రాయకు. ఇవాళంతా ఇలాగే తెరిచి ఉంచు. రేపు తెల్లారగానే వెండెల్‌ని పిలిచి క్లినిక్‌కి వెళ్ళు. వాళ్ళు నిన్ను ఏమీ అడగకముందే, మొదటి మాటగా ఆకు వేశానని చెప్పు. సలోమా ఇచ్చిందని కూడా చెప్పు."

"నువ్వు కూడా వస్తావా?"

"రమ్మంటే వస్తాను."

గుమ్మంలో అలికిడైంది. వెర్నా నిలబడి ఉంది, మిరియం భుజంమీదే ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"కింద కాఫీ అయిపోయింది," అంది వెర్నా. "మళ్ళీ పెట్టాలి. నాకు రెండు చేతులూ కావాలి."

ఆమె మంచం దాకా వచ్చి మిరియంని సలోమా ఒళ్ళో కూర్చోబెట్టింది. పిల్ల సలోమా టోపీ తాడు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. సలోమా ఆ ఎర్రటి చేతిని ముట్టుకోలేదు. చొక్కా కిందికి లాగలేదు. ఆ చెయ్యి ఎక్కడా ఒరుసుకోకుండా తన మోచెయ్యి పక్కకి జరుపుకుని కూర్చుంది.

వెర్నా గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. తరవాత మెట్లు దిగి వెళ్ళింది.